ఖాళీ నాడె

"వచ్చాడమ్మా, గోడలకి చెవులు ఆనించేవాడు!" ఎదురింటి అరుగు మీంచి దుర్గాంబ కేక వేసింది.

మగ్గానికి నూలు కండెలు చుడుతున్న నాగమల్లేశ్వరి కిటికీలోంచి తొంగి చూసింది.

మాసిన తెల్ల చొక్కా, ముక్కుకి అడ్డంగా తుండుగుడ్డ. వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు.

ఎవర్నీ పలకరించడు. ఏదీ అమ్మడు. ఒక్కో ఇంటి ముందూ తల వంచుకుని కాసేపు నిలబడి, పక్కింటికి కదులుతాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. పామర్రు అవతల ఆ చిన్న నేతపేటలో అందరూ తలుపులు వేసుకున్నారు. లోపల మగ్గాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

రోజూ పొద్దున్నే మైకు ఆటో వచ్చేది.

"జ్వరం వస్తే దాచకండి. హైస్కూల్లో ఆక్సిజన్ మంచాలు వేశాం. భోజనం, మందులు ఉచితం. ఫోన్ చేస్తే బండి పంపిస్తాం."

ఒక్కరూ ఫోన్ చేసేవారు కాదు. జ్వరం ఇల్లని పేరు పడితే షావుకారు నూలు ఇవ్వడు. నేసిన చీర ముట్టుకోడు.

ఎవరూ చెప్పకపోయినా నర్సు శౌరమ్మ మాత్రం సరిగ్గా జ్వరం ఉన్న గుమ్మంలోకే వచ్చేది, వేలికి పెట్టే మిషను పట్టుకుని.

"ఆవిడకెట్టా తెలుస్తోంది పిన్నీ?" అని అడిగింది నాగమల్లేశ్వరి.

"ఇంకెట్టా, వీడే! మగ్గం చప్పుడు లేని ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడతాడు. కాసేపటికి నర్సమ్మ దిగుతుంది. కావలిస్తే నువ్వే చూడు."

చూసింది. నిజమే.

"పోలీసంటావా?"

"పోలీసులకి అంత ఓపికా! షావుకారు మనిషయ్యుంటాడు. ఎవరికి నూలు ఆపాలో ఆరా తీస్తున్నాడు."

నాగమల్లేశ్వరికి ఆ మాట నచ్చలేదు. షావుకారు మనిషైతే చెప్పులు లేకుండా ఎందుకు తిరుగుతాడు? ఎండలో అంతంతసేపు ఎందుకు నిలబడతాడు? పిలిచి అడగాలని రోజూ అనుకునేది. రోజూ దాటిపోయేవాడు.

అంతలో మామగారు వీరభద్రరావుకి జ్వరం తగిలింది.

భర్త దుర్గాశంకర్ పటమటలో బట్టల కొట్లో పనిచేస్తాడు. కర్ఫ్యూకి అక్కడే చిక్కుకుపోయాడు.

"నర్సమ్మకి చెబుదాం మామయ్యా."

"వద్దమ్మా. చీర సగంలో ఉంది. ఇది షావుకారు తీసుకోకపోతే తినేదేమిటి? రెండు రోజుల్లో నేనే లేస్తా."

లేవలేదు. మర్నాటికి దగ్గు మొదలైంది. మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతున్నాడు.

మగ్గం ఆగితే ఆ మనిషి పట్టేస్తాడు. నాగమల్లేశ్వరి తానే మగ్గం గుంటలోకి దిగింది.

ఆ ఇంట్లో ఆడవాళ్ల పని కండెలు చుట్టడం వరకే. అంచు చెడగొడితే చీర మొత్తం పోతుంది. అందుకని పోగుల మధ్య నూలు నడిపే నాడెలోంచి కండె తీసేసి, ఖాళీ నాడె అటూ ఇటూ కొట్టింది.

టక్‌టక్, టక్‌టక్.

లోపలి దగ్గు ఆ చప్పుడులో కలిసిపోయింది. ఆమె పొద్దుట్నుంచీ ఆపలేదు.

మనిషి వచ్చాడు. గుమ్మం ముందు ఆగాడు. వెళ్లలేదు.

ఆమె ఇంకా గట్టిగా కొట్టింది.

"అమ్మా," కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "లోపల ఎవరికి బాగోలేదు?"

నాగమల్లేశ్వరికి భయం, కోపం ఒక్కసారే వచ్చాయి. పక్కనున్న గంజి గిన్నె అందుకుని కిటికీలోంచి విసిరి పోసింది.

"ఆడుతున్న మగ్గం వినపడట్లా? నీకు చెవుడా? పో ఇక్కణ్నుంచి!"

"బాగా పోశావే మల్లీ! ఉతికే పని తప్పిస్తివి, ఏకంగా గంజే పెట్టావు!" అరుగు మీద దుర్గాంబ నవ్వింది.

అతను కళ్లు తుడుచుకున్నాడు. గబగబా వీధి చివరికి నడిచాడు.

అన్నం పొంగొచ్చేంత సేపైనా కాకముందే శౌరమ్మ వచ్చింది, వెనకే బండితో సహా.

మామగారి వేలికి మిషను పెట్టగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"సాయంత్రం దాకా ఆగుంటే నాతో పని ఉండేది కాదు మల్లేశ్వరీ. పట్టు, అటు పట్టు!"

వీరభద్రరావు హైస్కూల్లో ఆక్సిజన్ మీద చాలా రోజులున్నాడు. బతికి, సగం మనిషై ఇంటికొచ్చాడు.

నాగమల్లేశ్వరి రోజూ గుమ్మంలో నిలబడి వీధి మొదటికి చూసేది. ఆ తెల్ల చొక్కా మళ్లీ కనపడలేదు.

మామగారిని చూడ్డానికి శౌరమ్మ వచ్చినప్పుడు ఆపుకోలేక అడిగేసింది.

"అక్కా, మా మగ్గం ఆగలేదు గదా. ఎట్టా కనిపెట్టాడు?"

"ఆగలేదు గనకే కనిపెట్టాడు. దారం తెగితే ఆగాలి. కండె అయిపోతే ఆగాలి. మీ మగ్గం ఒక్కసారి కూడా ఆగలేదంట."

నాగమల్లేశ్వరి మగ్గం వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కండెలు చుడుతోంది. కండె అయిపోతుందన్న సంగతే తోచలేదు.

"అయితే ఆయనా నేతగాడేనా! మళ్లీ ఎప్పుడొస్తాడక్కా? కాళ్లు పట్టుకోవాలి."

"రాడమ్మా. ఇక్కడ అందరూ గుర్తుపట్టేశారుగా. ఇంకో ఊరి పేటకి వెళ్లిపోయాడు. ఏ ఊరో ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"జీతం ఏమన్నా ఇస్తారా?"

"జీతమా! నేనసలు పిలవనే లేదు. తనే వెతుక్కుంటూ వచ్చాడు."

"ఎవరక్కా ఆయన?"

శౌరమ్మ మిషను సంచిలో పెట్టుకుంది. వెళ్లబోయి, గడప మీద ఆగింది.

"హనుమయ్యని, అవతలి ఊరే. మగ్గం ఆడుతోంది, అందరూ బాగానే ఉన్నారనుకుని ఒకరోజు నేను వాళ్ల ఇల్లు దాటిపోయాను" అంది. "లోపల భార్య ఊపిరందక ప్రాణం విడుస్తుంటే, ఆ మూలుగు నా చెవిన పడకుండా ఖాళీ నాడె కొడుతూ కూర్చుంది ఆయనే."