పదిహేడో డిష్

అటకామా ఎడారిలో ఊపిరాడని ఎత్తున అరవై రేడియో టెలిస్కోపు డిష్‌లు ఆకాశాన్ని వింటాయి. విన్నదంతా కలిపి బొమ్మకట్టే సూపర్‌కంప్యూటర్ దగ్గర ఆ రాత్రి యనీరా ఒక్కతే ఉంది.

కింద శిబిరంలో తెర ముందు కూర్చున్న ఎలిసెయో రేడియోలో అన్నాడు: "అక్కా, ఇవాళ పదిహేడో డిష్ అదరగొడుతోంది."

"కోకా టీ తాగి కూడా నిద్రపోతున్నావట్రా? దాన్ని పొద్దున్నే రిపేరుకి కిందికి దింపేశాంగా."

"మరి సిగ్నల్ వస్తోందే!"

ఆక్సిజన్ గొట్టం ముక్కుకు తగిలించుకుని, టార్చి, రేడియో పట్టుకుని ఆ డిష్ చోటికి వెళ్ళింది యనీరా. గాలి ఆగిపోయి ఉంది. డిష్ నిలబడే కాంక్రీటు దిమ్మె ఖాళీ. ఊడదీసిన కేబులుకి బిగించిన మూత బిగించినట్టే ఉంది. ముట్టుకుంటే సన్నగా అదురుతోంది.

"ఇక్కడేమీ లేదురా. ఈ దొంగ సిగ్నల్ కలిస్తే రాత్రి పనంతా పాడవుతుంది. లైను తీసేస్తున్నా."

"వద్దక్కా! బొమ్మ ఇంత తేటగా ఎప్పుడూ రాలేదు. ఇంకా గుండ్రం కట్టని పసిగ్రహం కనిపిస్తోంది." రేడియోలో మీటల టకటక వినిపించింది. "ఆ డిష్ ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగట్టింది."

"ఎక్కడ?"

"సరిగ్గా నీ నెత్తిమీద. కిందికి దిగుతోంది."

 యనీరాకు పారిపోవాలనిపించలేదు. టార్చి ఆర్పి తలెత్తింది.

చుక్కల మధ్య ఒక గుండ్రటి చీకటి, నిమ్మళంగా పెద్దదవుతోంది. అంత అందమైన చీకటిని ఆమె పుట్టి ఎరగదు.