బొంత కింది మిషిను

మానస నేలమీద పడ్డ గుడ్డపేలికలనూ దారపు ముక్కలనూ ఊడుస్తోంది. అత్త పోచమ్మ కుట్టుమిషిను మీద బొంత కప్పుతోంది.

"జల్ది ఊడ్వు బిడ్డా! ఎంక్వైరీకి పక్క గల్లీలకు వచ్చిన్రట."

పంజాగుట్ట వెనక ఆ బస్తీలో ఎంక్వైరీ అంటే తెల్లకార్డు ఎంక్వైరీయే. ఇంట్లో నాలుగు వస్తువులు కంటబడ్డాయా, రేషన్ బియ్యానికి నీళ్లు వదులుకోవలసిందే. అందుకే ఆ మాట చెవిన పడగానే సామాన్లన్నీ బొంతల కిందికి దూరతాయి.

"వచ్చేది కార్డోళ్లు కాదత్తమ్మా, ట్రస్టోళ్లు. నెలనెలా వెయ్యి ఇస్తున్నోళ్లు."

ఆ ట్రస్టు వాళ్లు ఆరు నెలలుగా బస్తీలో ప్రతి ఇంటికీ ఇస్తున్నారు. ఉన్నవాళ్లా లేనివాళ్లా అని చూడరు, ఇచ్చేముందు దేనికని అడగరు. ఆ డబ్బుతోనే ఈ పాత మిషిను ఇంటికొచ్చింది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కంప్యూటరు కోర్సులు నేర్చుకునే అమ్మాయిల చుడీదార్లు ఇప్పుడు మానస చేతిలోనే తయారవుతున్నాయి.

"ఎవలైతేంది? అడిగేటోళ్లకు ఉన్నది చూపిస్తె మునుగుతం. పక్కింటి భూలక్ష్మి సుత టీవీ తెచ్చి మనింట్ల దాస్తనంటుంది."

"మరి మన మిక్సీ ఏడుంది?"

"ఆమె ఇంట్ల."

"మంచిగుంది! ఇద్దరం దొరుకుతం."

అంతలో గుమ్మంలోకి భుజాన సంచీతో ఒక అమ్మాయి వచ్చింది. ఆమె వెనకే చంకలో పొడుగాటి పుస్తకంతో ఒక నడివయసు మనిషి. పోచమ్మ అమ్మాయికి చాప పరిచి, ఆయనకు స్టూలు వేసింది. ఆయన గోడవారగా కూర్చుని కలం తీశాడు.

"నా పేరు మంజూష. ట్రస్టు నుంచి వచ్చానండీ. ఆ డబ్బులు ఏం చేశారు?"

"ఏమున్నది బిడ్డా, తిన్నం. అయిపోయినయ్."

"ఏమీ కొనుక్కోలేదా?"

"కొనే మొఖాలేనా ఇవి?"

మంజూష ముఖం వాడిపోయింది. "పన్నెండిళ్లు తిరిగానండీ. అందరిదీ ఇదే మాట. ఊరికే డబ్బిస్తే జనం తిని కూర్చుంటారని మా పైవాళ్లలో కొందరు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. నేనూ ఇదే రాసుకెళ్తే వచ్చే నెల నుంచి బస్తీ మొత్తానికీ ఆపేస్తారు."

పోచమ్మ కోడలి వైపు చూసింది. మానస చీపురు పారేసి బొంతను ఒక్క గుంజు గుంజింది. అది కిందపడింది. సగం కుట్టిన గులాబిరంగు చుడీదారుతో మిషిను నిగనిగలాడుతూ బయటపడింది.

ఇక పోచమ్మ నోటికి అడ్డు లేదు.

"తిని కూసున్నమా? పోయినేడు నా కోడలు నాలుగిండ్లల్ల బాసన్లు తోమేది. ఇప్పుడు నెలకు నాలుగు వేలు ఇంట్ల కూసోని సంపాయిస్తుంది! మా మిక్సీ భూలక్ష్మి ఇంట్ల ఉన్నది, అది సుత రాస్కో. సారూ, చూస్తరేంది? మీరు సుత రాస్కోన్రి!"

ఆయన తల వంచుకుని రాసుకున్నాడు.

మంజూష నవ్వు ఆపుకోలేకపోయింది. కాగితాలు సంచీలో సర్దుకుని లేచింది. "ఇక దిగులు లేదండీ. వచ్చే నెలా వస్తాయి. మిగతా ఇళ్లకు మీరే చెప్పండి, బొంతలు తీయమని."

"అయ్యో, మీ సారును ఇడిసిపెట్టి పోతున్నవేంది బిడ్డా?"

"మా సారా?" మంజూష గుమ్మంలో ఆగిపోయింది. "మీ బస్తీ పెద్దాయన అనుకున్నానండీ!"

మానస చూపు ఆ పుస్తకం అట్టమీద పడింది. తెలియకుండానే పైకి చదివేసింది. "తెల్లకార్డుల తనిఖీ."

పోచమ్మ మిషిను వైపు చూసింది, బియ్యం డబ్బా వైపు చూసింది.

ఆయన అప్పటిదాకా రాసిన వరుసలను కలంతో అడ్డంగా కొట్టేశాడు. లేచి, నేలమీది బొంత తీసి, దులిపి, మిషిను మీద ముందున్నట్టే నిండుగా కప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.