మద్దిచెట్టు మీద గంట్లు

కొండ కింద గుహలో ఒక ఎలుగుబంటి వైద్యం చేసేది. దాని హస్తవాసి మంచిదని అడవంతా అక్కడికే వచ్చేది. గుహకు ఎదురుగా మద్దిచెట్టు మీద ఉండే వడ్రంగిపిట్టకు ఒక అలవాటు. గుహలో ఎవరైనా ప్రాణం విడిస్తే చెట్టు బెరడు మీద ముక్కుతో ఒక గంటు పెట్టేది.

కిందటి వానాకాలమంతా కలిపి నాలుగు గంట్లు. ఈసారి వానలు సగం పడకముందే పదకొండు! పిట్టకు అనుమానం వచ్చింది. అయినా అంత పెద్ద వైద్యుణ్ణి అడిగేదెలా అని నోరు మెదపలేదు. పన్నెండో గంటు కుందేలుది. కాల్లో ముల్లు దిగితే తనంతట తానే నడిచొచ్చిన కుందేలు! ఇక ఉండబట్టలేక పిట్ట గుహలోకి ఎగిరింది.

"మామా, ఈ వానల్లో చావులు ఎక్కువయ్యాయి. చావుకొక గంటు చొప్పున మద్దిచెట్టు మీద కిందటి వానలకు నాలుగే పెట్టాను, ఈసారి అప్పుడే పన్నెండు."

ఎలుగు గుర్రుమంది. "నా వైద్యాన్నే శంకిస్తావా? ఈసారి అందరూ రోగం ముదిరాకే వచ్చారు."

"కావచ్చు మామా. మరి కుందేలు?"

ఎలుగు లేచింది. కుందేలు పడుకున్న మూలకు వెళ్ళి ఆకుల పరుపు ఎత్తి చూసింది. పైన పచ్చటి ఆకులే, రోజూ తనే మార్చేది. అడుగున మాత్రం వాననీరు ఊరి, పాత ఆకులు కుళ్ళి, పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"గాయాలతో వచ్చినవాళ్ళందరినీ ఈ మూలనే పడుకోబెట్టాను" అంది ఎలుగు.

పరుపంతా ఊడ్చి పారేసి, మద్దిచెట్టు దగ్గరికొచ్చి ఈ వానాకాలపు గంట్లను ఒక్కొక్కటే తడిమింది. ఐదో గంటు మీద దాని చెయ్యి ఆగిపోయింది.

"ఇది పెట్టిన రోజే నాతో ఒక్క మాట అనాల్సింది తల్లీ."

ఆ తర్వాతి ఏడు గంట్ల వైపు పిట్ట తలెత్తి చూడలేకపోయింది.