వాయిదా ముందురోజు ఫోను

ఐసు దిమ్మని కొక్కెంతో వ్యానులోకి లాగుతుంటే బంగార్రాజు జేబులో ఫోను మోగింది.

చెయ్యి జారింది. దిమ్మ కిందపడి రెండు ముక్కలైంది.

"ఎవరండీ?" అన్నాడు చిరాగ్గా.

"నమస్కారమండి బంగార్రాజు గారూ. సత్యవాణిని. కార్డు బాకీ గురించి..."

"నిన్నా చేశారు, మొన్నా చేశారు. లేదని చెప్పానా లేదా? కాస్త సిగ్గుండాలండి మీకు."



"భోంచేశారా అండి?" అందావిడ.

ఆ మాటకి అతనికి ఇంకా ఒళ్ళు మండింది. ఫోను కట్ చేసేశాడు.

అంతకుముందు బంగార్రాజు భీమవరం పక్కన రొయ్యల చెరువు లీజుకి చేసేవాడు. చేతిలో డబ్బు ఆడనప్పుడల్లా మేతకీ మందులకీ క్రెడిట్ కార్డు గీకేవాడు. రేపో మాపో రొయ్యలు పట్టి అమ్మాలి అనగా తెల్లమచ్చ రోగం తగిలి చెరువంతా పోయింది. ఆ కార్డు బాకీ తీర్చడానికి అదే బ్యాంకులో ఇంకో కార్డు తీశాడు. వడ్డీ మీద వడ్డీ పడి అసలుని మించిపోయింది. ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో వ్యాను తోలుతున్నాడు.

భార్య వెంకటదుర్గకి చెరువు పోయిందని తెలుసు. కార్డుల సంగతి తెలీదు.

మర్నాడు మళ్ళీ అదే గొంతు.

బ్యాంకు తరఫు వసూలు ఆఫీసు నుంచి ఇంకెవరు చేసినా ఇంటికి మనుషుల్ని పంపుతామని బెదిరించేవారు. ఈవిడ ఒక్కనాడూ ఆ మాట అనలేదు. అతనికి అదే అనుమానం. తియ్యగా మాట్లాడి పిండుకోవడం కొందరికి చేతనవును.

"ఫోన్ యాప్‌లో అప్పు ఇస్తామంటున్నారు. అది తీసుకుని మీకు పారేస్తాను. ఇక నా జోలికి రాకండి," అన్నాడు ఓ రోజు.

"వద్దండి," అంది సత్యవాణి గబగబా. "మా బాకీ ఆలస్యమైనా పర్లేదు. ఆ యాపుల జోలికి మాత్రం వెళ్ళకండి."

అప్పు వసూలు చేసే మనిషి నోట ఆ మాట విని బంగార్రాజు తెల్లబోయాడు.

"ఇంట్లో మేడంగారికి తెలుసా అండి?"

"తెల్దండి."

"ముందు ఆవిడకి చెప్పండి. నెలకి ఎంత కట్టగలరో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. గొప్పకి పోయి ఎక్కువ చెప్పకండి. తిండికీ, పిల్లల చదువుకీ పోగా మిగిలేదే చెప్పండి. బ్యాంకుతో నేను మాట్లాడతాను."

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పేశాడు.

దుర్గ పొయ్యి తగ్గించి, చివరిదాకా విన్నది.

"అప్పేనా? ఫోను మోగితే చాలు, పట్టుకుని పెరట్లోకి పోతుంటే ఎవర్తోనో సంబంధం ఉందనుకున్నానండి," అంది.

బంగార్రాజు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. ఆమె పైటకొంగుతో అతని మొహం తుడిచి కంచం పెట్టింది.

కొన్నాళ్ళకి సత్యవాణి మళ్ళీ చేసింది. వడ్డీలో చాలామటుకు తీసేసి, మిగిలింది ఏడాదిపాటు నెలనెలా కట్టుకోవడానికి బ్యాంకు ఒప్పుకుంది.

"ఒక్క వాయిదా తప్పినా ఇదంతా రద్దయిపోద్దండి. పాత బాకీ మొత్తం మళ్ళీ మీ మీద పడుద్ది," అని మరీ మరీ చెప్పింది.

అప్పట్నుంచి ప్రతి నెలా వాయిదా ముందురోజు ఫోను వచ్చేది.

"రేపేనండి."

"తెలుసండి," అనేవాడు ముక్తసరిగా.

ఓ నెల పాపకి జ్వరమొచ్చి ఆస్పత్రిలో పెట్టారు. వాయిదా మాటే మర్చిపోయాడు. ఆవిడ ఫోను చెయ్యబట్టి, ఆస్పత్రిలో ఉన్నామని చెప్పి, అక్కణ్ణుంచే కట్టాడు. మర్నాడు మళ్ళీ చేసి, "పాపకెలా ఉందండి?" అని అడిగింది. తగ్గిందని చెప్పి పెట్టేశాడు. జీతం తీసుకుని చేసే పనికి మెప్పులెందుకనుకున్నాడు.

చివరి వాయిదా కూడా వచ్చింది.

"ఇదే ఆఖరుదండి. ఇంక నా ఫోను రాదు."

"హమ్మయ్య," అన్నాడు బంగార్రాజు.

ఆవిడ నవ్వింది. "ఉంటానండి," అంది.

బాకీ లేదని బ్యాంకు నుంచి కాగితం వచ్చిన రోజు దుర్గ అడిగింది.

"ఆ అమ్మాయికి ఏమైనా ఇచ్చారా?"

"ఆవిడకెందుకు?"

"ఎందుకేంటండి. నా మొగుడు నాకు మిగిలాడు, ఎవరివల్లో కూడా నాకు తెలుసు."

బంగార్రాజు వెంటనే ఫోను చేశాడు. ఆ నంబరు పనిచెయ్యడం లేదు.

సోమవారం సెలవు పెట్టి ఇద్దరూ ఆవిడ ఆఫీసున్న కాకినాడకి బస్సెక్కారు. దారిలో రావులపాలెంలో పూతరేకులు కొన్నారు. మంచి నెయ్యివేనా అని దుర్గ రెండుసార్లు అడిగి మరీ తీసుకుంది.

వసూలు ఆఫీసు మేడ మీద ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"సత్యవాణా?" అన్నాడు మేనేజరు. "ఆవిడ ఇక్కడ లేదండి. తీసేశాం."

"అదేంటండి?"

"గట్టిగా వసూలు చెయ్యమంటే, బాకీవాళ్ళ తరఫున బ్యాంకుతో బేరాలాడేది."

బంగార్రాజు తన పేరు చెప్పాడు. మేనేజరు కంప్యూటర్లో చూశాడు.

"మీదేనండి ఆవిడ చేసిన చివరి సెటిల్‌మెంటు. అది కుదిరిన వారంలోనే పంపించేశాం."

"ఎక్కడుంటారో తెలుసా అండి?" అంది దుర్గ.

"ఊరు మారిందన్నారు. ఎక్కడికో తెల్దండి."

"లేదండి, మీరు పొరబడుతున్నారు," అన్నాడు బంగార్రాజు. "మొన్న ఆఖరి వాయిదాకి కూడా ఫోను చేసి గుర్తు చేసిందండి ఆవిడ."

"సెటిలైనవాళ్ళకి మేం చెయ్యమండి," అన్నాడు మేనేజరు. "ఈ ఏడాదిలో మీకు మా ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ వెళ్ళలేదు."