సాక్షి తలలో మచ్చ

స్కానింగ్ సెంటర్ గుమ్మంలోనే తిరుపాలమ్మ అడ్డం నిలబడింది.

"సూసినావా అయ్యవారూ? నా కొడుకు కత్తి ఎత్తింది నీ కండ్లతో సూసినావా?"

కోదండపాణి తల దించుకున్నాడు. వెనకనుంచి నారాయణరెడ్డి మనుషులు ఇద్దరు వచ్చి ఆమెను పక్కకు నెట్టారు. నీ కండ్లు పేలిపోను, నీ కొంప కూలిపోను అంటూ ఆమె ప్రొద్దుటూరు బజారంతా వినబడేలా శాపనార్థాలు పెట్టింది.

రెండేళ్ల కిందట జమ్మలమడుగులో, పెన్న గట్టు మీద, తెల్లవారుజామున నారాయణరెడ్డి తమ్ముణ్ణి ఎవరో నరికి చంపారు. తిరుపాలమ్మ కొడుకు సుధీర్ ముద్దాయి. కంటితో చూసిన సాక్షిగా ఛార్జిషీటులో ఉన్నది కోదండపాణి ఒక్కడే. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన మాట ఎవరూ కాదనరు.

అందుకే సుధీర్ వకీలు ఆ మాటను వదిలేసి తల మీద పడ్డాడు. నాలుగేళ్ల కిందట కోదండపాణి మెదడులో గడ్డ తీసి, రేడియేషన్ కరెంటు పెట్టారు. పోయిన నెల తీసిన స్కానులో అదే చోట తెల్లటి మచ్చ కనిపించింది. గడ్డ ఎప్పుడో మళ్లీ లేచిందనీ, అలాంటి మనిషి చూశానన్నది లెక్కలోకి రాదనీ వకీలు వాదించాడు. జడ్జి డాక్టరు రిపోర్టు తెమ్మన్నాడు.

నారాయణరెడ్డి పక్క కుర్చీలో కూర్చుని కోదండపాణి భుజం మీద చెయ్యి వేశాడు.

"దిగులు పడొద్దు అయ్యవారూ. చిలమకూరు ఫ్యాక్టరీలో మీ ప్రణవ్ డ్యూటీకి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మావోళ్లు వెంటే ఉంటాండారు."

కొడుకు పేరు వినగానే కోదండపాణి రెండు చేతులూ జోడించాడు. "వానికేం కాకుండా చూడు రెడ్డీ."

ఆర్నెల్లుగా ఆయన ఇంటి ముందూ కాపలా ఉంది. పాల ప్యాకెట్టుకు పోయినా ఒకడు వెనకాలే నడుస్తాడు.

డాక్టర్ జువేరియా లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. మామూలు స్కానులో పెరిగే గడ్డా, కరెంటుకు చచ్చిపోయిన కండా ఒకేలా తెల్లగా కనిపించొచ్చు. ఈ కొత్త రకం స్కాను మెదడులో ప్రొటీన్ ఎక్కడ ఎక్కువుందో పట్టుకుంటుంది. పెరిగే గడ్డలో ప్రొటీన్ ఎక్కువ, అక్కడ ఎర్రగా వస్తుంది. చచ్చిన కండైతే నీలంగా ఉండిపోతుంది. సూది కూడా వేయరు.

గొట్టంలాంటి మిషన్లో అరగంట పడుకోబెట్టారు. చెవుల్లో సమ్మెట దెబ్బలు. కోదండపాణి కళ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

బయటికి రాగానే, చెప్పులు కూడా వేసుకోకుండా కంప్యూటరు దగ్గరికి నడిచాడు. తెర మీద ఆయన తల. మచ్చ ఉన్నచోట నీలం.

"ఏం లేదు సార్. పాత గాయం మచ్చ, అంతే. రిపోర్టు అట్లే రాసిస్తా."

"ఇంగోసారి చూడు తల్లీ. యాడన్నా రవ్వంత ఎరుపు ఉందేమో."

"యాడా లేదు సార్."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రోజూ ఎవరికో ఒకరికి చేదు కబురు చెప్పే జువేరియాకు ఆ పూట మనసు తేలికపడింది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది.

రిపోర్టు నారాయణరెడ్డి అందుకున్నాడు. రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కారెక్కేటప్పుడు తిరుపాలమ్మ తిట్టలేదు. రిపోర్టు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. గేటు పక్క మట్టిలో కూలబడి ఆయన వంకే చూస్తూ ఉండిపోయింది. కోదండపాణి కారు అద్దం పైకెత్తేశాడు.

"రేపు పదిన్నరకు కోర్టు" అన్నాడు నారాయణరెడ్డి. "అంతా గుర్తుంది గదా అయ్యవారూ?"

"గుర్తుంది" అన్నాడు కోదండపాణి.

ఆ హత్య జరిగిన తెల్లవారుజామున తాను జమ్మలమడుగులోనే లేననీ, బ్రహ్మంగారిమఠంలో దర్శనం వరుసలో నిలబడి ఉన్నాననీ కూడా ఆయనకు బాగా గుర్తుంది.