గోడవార రాయి

మజ్జిగ కుండ మళ్ళీ ఖాళీ. కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా ఇదే వరస. పొద్దున్నే చిలికి పెట్టడం ఆలస్యం, అడుక్కంటా మాయం.

"అత్తయ్యా, ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇంత మజ్జిగ ఎవరు తాగుతున్నట్టు?"

"నేనేనే. ఆ ఎర్రగీత గీసిపోయిన రోజు నుంచి కడుపులో మంట చల్లారడం లేదు," అంది అత్తగారు.

ఎర్రగీత అంటే, రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు గోడ మీద గీసిపోయిన గీత. అది వీధి గదిని మింగి, వంటింటిని సగానికి కోసింది. వచ్చే నెలలో అంతవరకూ పడగొడతారు. మిగిలేది స్నానాల గది, పెరటి గుమ్మం. "వంతులేసుకుని నిలబడదామా అందులో?" అని కొడుకు నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

ఆ ఊళ్ళో రోడ్డును వంకర తిప్పగలిగిన మనిషి ఒక్కడే. పురావస్తు శాఖ ఉద్యోగి, అందరూ బోర్డులాయన అంటారు. పాత కట్టడం కనిపిస్తే చాలు, పక్కన నీలం బోర్డు పాతేస్తాడు. ఆ బోర్డు ఉన్న చోట గునపం వెయ్యకూడదని చట్టం.

ఆ బోర్డులంటే అత్తగారికి మహా వెటకారం. గడియారం స్తంభం దగ్గర 'రాజుగారు విడిది చేసిన అరుగు' అని పాతినప్పుడు వీధి వీధంతా వినేలా నవ్వింది.

"ఏ రాజు? పేకముక్కల్లో రాజా? ఆ అరుగు గాజులమ్ముకునేవాడు పేకాటకని కట్టించుకున్నాడు. సున్నం మోసింది నేనే!"

సైన్యం గుర్రాలు నీళ్ళు తాగిన తొట్టి అని ఇంకో బోర్డు. "తాగింది మా గేదె. దానికెందుకు పెట్టలేదో బోర్డు?" అంది.

అలాంటి రోజుల్లోనే ఆ రాయి బయటపడింది. గోడవార మూలనున్న కట్టెలకు చెద పడుతోంది, ముందవి తియ్యవే అని అత్తగారు పోరగా పోరగా కోడలు తీసింది. వెనకాల మోకాలెత్తు రాయి. దాని ఒంటినిండా పచ్చగా, మందంగా నాచు. నాచు కింద వంకర టింకర గీతలు. చూస్తే అక్షరాల్లాగే ఉన్నాయి, ఏ అక్షరాలో మాత్రం తెలియదు.

కోడలికి ప్రాణం లేచొచ్చింది. అత్తగారికి చెప్పకుండా బోర్డులాయనకు కబురు పెట్టింది.

ఆయన వచ్చి, రాయి ముందు గొంతుక్కూర్చుని, భూతద్దం తీశాడు.

"కళ్ళెందుకు పాడుచేసుకుంటావు నాయనా?" అంది అత్తగారు గుమ్మంలోంచి. "మా ఆయన ఊరూరా తిరిగి రోళ్ళకు గంట్లు పెట్టేవాడు. ఇంటికొచ్చి ఉలి నూరుకున్న రాయది."

కోడలు గబగబా అడ్డం వచ్చింది. "అత్తయ్యా! మీరు లోపలికి వెళ్ళండి."

"వెళ్ళనే. రాయికి జాతకం చెబుతాడేమో వినొద్దూ?"

బోర్డులాయన చెవులు ఎర్రబడ్డాయి. "మామ్మగారూ, మీరేం చదువుకున్నారు?"

"వేలిముద్ర."

"నేను ఇరవై రెండేళ్ళు చదివాను, ఈ రాళ్ళనే."

"ఇరవై రెండేళ్ళా? ఈపాటికి రాయైనా పాసయ్యేది."

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక అయిపోయింది. గునపం అక్కర్లేదు, ఈవిడ నోరే ఇల్లు కూల్చేసింది.

కానీ ఆయనకు పంతం వచ్చింది. గోటితో నాచు గీరి చూశాడు.

"ఇది నిన్నా మొన్నా పట్టింది కాదు. ఇంత దట్టంగా పట్టాలంటే మూడొందల ఏళ్ళకు తక్కువ కాదు. ఈ లిపి ఇంతవరకూ ఎక్కడా దొరకలేదు. మీలాంటివాళ్ళ చేతుల్లో పడే కదండీ, చరిత్ర కట్టెల కింద మగ్గిపోతోంది!"

"లిపా? మా కోడిపెట్ట ఇంతకన్నా గుండ్రంగా రాస్తుంది."

ఆ మాటతో ఆయన లేచి నిలబడ్డాడు. అక్కడికక్కడే కాగితం రాశాడు. రాయి చుట్టూ ముప్పై అడుగుల మేర ఒక్క ఇటుక కదపరాదు. రోడ్డు అవతలగా తిరిగిపోవాలి. కింద ఇంటావిడ వేలిముద్ర.

అత్తగారు సణుక్కుంటూ ఎడమచేతి బొటనవేలు చాపింది. గోరు సగం నల్లగా చచ్చిపోయి ఉంది.

"ఏమైందండీ దీనికి?"

"తలుపు సందులో నలిగిందిలే. కానియ్యి."

సాయంత్రానికల్లా గోడవార నీలం బోర్డు నిలబడింది. కోడలు ఎర్రగీతను తడిగుడ్డతో తుడుస్తూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ, అత్తగారి మీద విరుచుకుపడింది.

"ఆయన మొండివాడు కాబట్టి సరిపోయింది! లేకపోతే ఈపాటికి మీ నోటి పుణ్యాన వీధిన పడేవాళ్ళం. అసలీ ఇల్లు నిలబడాలని మీకు లేదా అత్తయ్యా?"

అత్తగారు మజ్జిగ కుండ శుభ్రంగా కడిగి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి కుండెడు మజ్జిగా మీరే తాగండే, రోజూ పోసి ఆ రాయికి పట్టించిన నాచు ఇక చాలు."