మైపాడు పరుగు

డెబ్బై ఏళ్లకు పరుగు నేర్చుకుంటున్నాను. ఆదివారం మైపాడులో పది కిలోమీటర్ల పందెం.

ఇవాళ సాధన ముగించి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. గుమ్మంలో నా భార్య ఆదిశేషమ్మ తల కొట్టుకుంది.

"నిన్నటికన్నా ఇంకా లేటు! నత్త నయం గదయ్యా!"

"బాగా కుదురుతోంది" అన్నాను.

పందెంలో పతకాలిచ్చేది జయరామయ్య. మా పెళ్లినాడు, ఊరిపెద్దగా తాను వస్తేగానీ వడ్డించకూడదని సాయంత్రందాకా అందరినీ ఖాళీ ఆకుల ముందు కూర్చోబెట్టిన ఘనుడు. ఇప్పుడేమో చప్పట్ల కోసం, ఆఖరివాడు చేరేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనని మైకులో ఒట్టేశాడు.

ఆ ఆఖరివాణ్ని నేనే.

సంగతి విని ఆదిశేషమ్మ పొయ్యి దగ్గరికి నడిచింది.

"ఆ పొద్దు ఆకలికి నాకు కళ్లు తిరిగినాయి. చేపల పులుసన్నం క్యారియర్ కట్టిస్తా. దోవలో కూర్చోని, ఒక్కో ముల్లూ తీసుకుంటా తిను."